ముక్కు దిద్దించుకొనుట

మన ప్రబంధకవులు స్త్రీముఖమును వర్ణింపబూనినపుడు కన్నులకును కురులకును చూపిన శ్రద్ధను ముక్కునకు తక్కువ చేయలేదు. నువ్వుపువ్వనిరి, సంపెంగమొగ్గ యనిరి. పారిజాతాపహరణమును రచించిన నంది తిమ్మనగారికి నాసికను వర్ణించిన యొక్క పద్యమువలననే ముక్కు తిమ్మన యను పేరు వచ్చినదని చెప్పుకొందురు. తుమ్మెద తన్ను ముట్టదని వగచిన సంపెంగపువ్వు తపస్సు చేసి స్త్రీ నాసికగా పుట్టినదనునది యా పద్యములోని యూహ. వసుచరిత్రమునందును ఆ పద్యమే కానవచ్చుటచే, దాని కర్త యెవరని పండితులు నేటికిని వాదించుకొనుచుందురు. కవుల మాట యట్లుండనిండు. మనలో ననేకులము సంపెంగ ముక్కులు లేకయే పుట్టి, పెండ్లాడి, పిల్లలను గని సుఖముగనే యున్నాము.

అయినను ఇటీవల ముక్కును గూర్చి మమ్మడుగువారు పెక్కండ్రగుచున్నారు. మొన్న నొక పరిచితురాలు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినది. పిల్లకు 24 ఏండ్లు, ఉద్యోగము చేయుచున్నది. ముక్కు నడుమ చిన్న యెత్తు గలదు. పెండ్లిచూపులకు వచ్చినవారిలో నొక పెద్దావిడ వెళ్లుచు వాకిట నిలిచి, లోపలివారికి వినబడునట్లే, ‘పిల్ల లక్షణముగానే యున్నది గాని, ముక్కు మాత్రము మగముక్కు’ అని పోయినదట. తల్లి యీ మాట చెప్పి కన్నీరు పెట్టుకొనినది. “అక్కయ్యగారూ, ఇది వాళ్ల నాన్నగారి ముక్కు. ఆయన పోయి నాలుగేండ్లయినది. దీనిని కోయించుటకు నే నొప్పుకొనవలెనా?” అని అడిగినది.

పిల్ల చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, “పిన్నిగారూ, ఆవిడ అన్నమాట నిన్నటిది. నేను పదేండ్లప్పుడు ఉయ్యాల మీదనుండి పడినది మొదలు నా కెడమ ముక్కున గాలి యాడదు. రాత్రులు నోరు తెఱచికొని నిద్రపోవుచున్నాను. ఆ సంగతి యింతవఱ కెవ్వరును అడుగలేదు” అన్నది. తల్లికిని ఆ సంగతి తెలియదు. మేము వైద్యులము కాము గనుక వారితో గూడ నొక శస్త్రవైద్యురాలి కడకు వెళ్లితిమి. అక్కడ విన్నదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు, ఆ పిల్లకు జరిగినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా నొక యపోహను తొలగింపవలసియున్నది. ఇది దొరల విద్య యనియు, సినిమావారి వేడుక యనియు మనవారు తలంతురు. ముక్కును తిరిగి నిర్మించు విద్యకు మన దేశమే పుట్టినిల్లు. పూర్వము శిక్షగాను, పగతోను ముక్కులు కోయుట మన దేశమున నుండెడిది. ఆ దుర్మార్గమునుండియే యీ విద్య పెరిగినది. సుశ్రుతసంహితలో దీని విధానము గలదు. పోయిన ముక్కునకు సరిపోవు కొలతతో నొక ఆకును కత్తిరించి, ఆ కొలతకు చెక్కిలి చర్మమును ఒకప్రక్క అంటియుండునట్లే లేవదీసి, ముక్కు స్థానమున అతికి, ఊపిరి యాడుటకు రెండు గొట్టములను అమర్చి, యష్టిమధుకము మొదలైన వాని పొడి చల్లి, దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెనని అందు చెప్పబడినది.

ఈ విద్య గ్రంథములలోనే నిలిచిపోలేదు. 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్మన్స్ మ్యాగజైను అను పత్రికలో ఒక లేఖ వెలువడినది. ఇంగ్లీషు సైన్యమున ఎడ్లను తోలు కావస్జీ యను మహారాష్ట్రుడు 1792 నాటి యుద్ధములో టిప్పుసుల్తాను సైనికులకు చిక్కగా, వారాతని ముక్కును ఒక చేతిని నఱికిరి. ఏడాదిపాటు ముక్కులేకయే యున్న ఆతనికి పూనా ప్రాంతపు వైద్యు డొకడు క్రొత్త ముక్కు చేసెను. ఆ వైద్యుడు ఇటుకలు చేయు కులమువాడట! మైనముతో ముక్కు ఆకారమును చేసి, దానిని నొక్కి చదును చేసి, నొసటిపై పఱచి చుట్టును గీత గీసి, ఆ మేరకు చర్మమును కోసి, కనుబొమల నడుమ సన్నని పాయను మాత్రము విడిచి, క్రిందికి త్రిప్పి అతికెను. ఆ పాయగుండ వచ్చు నెత్తురే క్రొత్త ముక్కును బ్రదికించినది. ఇద్ద ఱింగ్లీషు వైద్యులు కన్నులార చూచిరి.

ఆ లేఖలో మమ్ము మిక్కిలి యాకర్షించినది శస్త్రక్రియ కంటె పిదపటి పథ్యము. కాచును నీటితో మెత్తజేసి గుడ్డపీలికలకు పూసి, అయిదాఱు పొరలుగా అతుకుపై వేసిరి. నాలుగుదినములు వానిని కదపలేదు. పిదప నేతిలో ముంచిన గుడ్డలను వేసిరి. రోగిని అయిదాఱు దినములు వెల్లకిల పరుండబెట్టిరి. పదవనాడు ముక్కురంధ్రములు పూడకుండ మెత్తని గుడ్డవత్తులను పెట్టిరి. సుమారు ఇరువదియైదవ దినమున నొసటినుండి వచ్చు పాయను తెగకోసిరి. కాలు కదపక పడియుండుట, గాయమును మాటిమాటికి తడవక విడిచిపెట్టుట, గాలి దారిని కాపాడుట, ఓపిక పట్టుట: నేటి యాసుపత్రిలో వైద్యురాలు చెప్పిన వాటిలో ముఖ్యమైన విన్నియు ఆ నాడే యుండెను.

ఆ లేఖను చదివిన కార్ప్యూ అను లండను శస్త్రవైద్యుడు 1814లో ఆ పద్ధతిని తాను చేసి, 1816లో గ్రంథము వెలువరించెను. అక్కడినుండి యిది ఐరోపా యంతట వ్యాపించినది. లేని ముక్కును కట్టుటగాక, ఉన్న ముక్కును దిద్దుట తరువాతి కాలపు మాట. అమెరికాలో జాన్ ఆర్లండో రో 1887లోను, బెర్లినులో జాక్ జోసెఫ్ 1898లోను ఈ త్రోవ తొక్కిరి. తన పెద్ద ముక్కును చూచి జనులు నవ్వుదురని యిల్లు కదలలేకపోయిన యొక పురుషుడు జోసెఫుగారి కడకు వచ్చినాడట. ముక్కును గూర్చి దుఃఖించుట ఆడువారి సొత్తు మాత్రము కాదని దీనివలన తేలుచున్నది.

మత్తుమందు లేనిదే యివి యన్నియు సాగునవి గావు. క్లోరోఫారము యొక్క మంచిచెడ్డలను తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభువు ధనసహాయముతో మన హైదరాబాదునందే రెండు పరిశోధకసంఘములు పనిచేసినవి. ఆ నగరమునందే విద్య నేర్చిన రూపాబాయి ఫర్దూన్జీగారిని, మత్తుమందు నిచ్చుటలో ఆఱితేరిన తొలి స్త్రీవైద్యులలో నొకరుగా గణింతురు.

ఇక ప్రస్తుతమునకు వత్తము. శస్త్రవైద్యురాలు పిల్లను కూర్చుండబెట్టి మొదట నడిగిన ప్రశ్న యిది: “అమ్మా, అద్దములో చూచుకొనినపుడు నిన్ను బాధించున దేది? ఒక్క వ్రేలితో చూపుము.” రెండవ ప్రశ్న: “ఈ కోరిక నీదా, ఇతరులదా?” ఈ ప్రశ్నలలో ఎంతయో యర్థ మున్నది. ఒక్క వ్రేలితో చూపలేక, ముఖమంతయు చెడినదని వాపోవువారును, ఇతరులకు కానరాని లోపమును గూర్చి దినములో గంటలకొలది చింతించువారును గలరు. అట్టివారి బాధ మనస్సునందున్నది. ముక్కును ఎన్నిమార్లు దిద్దినను అది తీరదు. మంచి వైద్యులు వారిని మనోవ్యాధి వైద్యుని కడకు పంపుదురు గాని కత్తి పట్టరు. ఒకరి మాటకు నొచ్చుకొని వచ్చినవారికి సయితము కొన్ని మాసములు ఆగుమని చెప్పుదురట. పెండ్లిచూపుల నాటి మాటపై ఆధారపడి శరీరమును మార్చుకొనుట మాకును సమ్మతము గాదు. ఆ వాకిటనున్న పెద్దావిడ మఱియొక యింట మఱియొక లోపమును వెదకుచునే యుండును.

సెల్ఫీ సంగతి యొకటి వినదగినది. చేతితో దగ్గఱగా పట్టుకొని తీసికొన్న చిత్రమున ముక్కు ఉన్నదానికంటె పెద్దదిగ కానవచ్చును. 2018లో అమెరికాలో వైద్యులు లెక్కకట్టి చూడగా, 12 అంగుళముల దూరమునుండి తీసిన చిత్రములో ముక్కు వెడల్పు 5 అడుగుల దూరమునుండి తీసిన దానికంటె సుమారు నూటికి 30 వంతులు అధికముగ తోచునని తేలినది. ఆ చిత్రమును చూచి యాసుపత్రికి పరుగెత్తు పిల్లల తల్లులు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. వయస్సు విషయమును గూడ తెలిసికొనవలెను. ఆడపిల్లలకు సుమారు 15, 16 ఏండ్ల వఱకును, మగపిల్లలకు మఱికొంత ఆలస్యముగను ముక్కు పెరుగుచుండును. అది నిలిచిన పిదపనే యీ చికిత్స.

పరీక్షలో పిల్ల ముక్కు నడిగోడ యెడమకు వంగియున్నదని తేలినది. తల్లి ముఖమున రంగు పోయినది. “ఇన్నేండ్లు నాకు చెప్పలేదేమే?” యని యడిగినది. అందఱకును ఇట్లే యుండునని తాననుకొంటినని పిల్ల చెప్పినది.

ఆ గోడను సరిచేయుట సౌందర్యము కొఱకు కాదు, శ్వాస కొఱకు. ఈ భేద మెఱుగుట వ్యయ విషయమునను అవసరము. బీమావారు సౌందర్యచికిత్సకు తఱచు పైకము నీయరు. శ్వాసకు అడ్డమైన గోడను సరిచేయుటకు ఇచ్చుట గలదు. పత్రమును ముందే చదివికొనవలెను. వైద్యుని యెన్నిక మఱింత ముఖ్యము. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని, చెవి ముక్కు గొంతు వైద్యములో ఎం.ఎస్. గాని చదివి, ఈ పనిలో చేయి తిరిగినవారై యుండవలెను. అలంకారశాలలలో సూదిమందుతో ముక్కు దిద్దెదమను ప్రకటనలను నమ్మరాదు. ముక్కు చుట్టునున్న రక్తనాళములలోనికి ఆ మందు పోయినచో చర్మము చచ్చుటయు, అరుదుగ కంటిచూపు పోవుటయు జరిగియున్నవి.

పిల్ల మూడు మాసములు ఆలోచించుకొనినది. పిదప వెళ్లి, “గోడను సరిచేయుడు. ఎత్తును కొంచెముగ దించిన చాలును. నాన్న ముక్కు పూర్తిగ పోరాదు” అని చెప్పినది. వైద్యురాలు నవ్వి సరే యన్నది. కంప్యూటరుపై రాబోవు రూపమును చూపుచు, “ఇది మనము మాటలాడుకొనుటకు మాత్రమే, వాగ్దానము గాదు” అని కూడ చెప్పినది.

శస్త్రక్రియకు ముందు ఆస్పిరిను, ఐబుప్రొఫెను వంటి నొప్పిమందులను, చేపనూనె, వెల్లుల్లి మాత్రల వంటి వానిని వైద్యుని యాజ్ఞ చొప్పున మానవలసియుండును. ఇవి నెత్తురు గడ్డకట్టుటను ఆలస్యము చేయును. గుండె జబ్బునకై ఆస్పిరిను వాడువారు తమంత తాము మానరాదు, అడిగియే చేయవలెను. పొగాకు విషయములో మినహాయింపు లేదు. అది గాయమునకు నెత్తురందనీయదు. ముక్కుపుడకను ముందే తీసివేయవలెను.

పూర్తి మత్తు ఇచ్చి, సుమారు రెండు మూడు గంటలు పనిచేయుదురు. కోతలు ముక్కు లోపలనే యుండవచ్చును. లేదా, రెండు పుటముల నడుమ క్రిందుగనుండు సన్నని చర్మకంబముపై చిన్న కోత పెట్టి చర్మమును పైకెత్తి చూచి చేయుదురు. ఆ మచ్చ క్రమముగ కానరాకుండ పోవును. ఎత్తును అరగదీసిన పిదప ముక్కు పైభాగము చదునుగ విచ్చుకొనియుండును గనుక, ఇరుప్రక్కల యెముకలను కోసి దగ్గఱకు చేర్పవలసివచ్చును. కన్నుల చుట్టును నల్లబడుటకు ముఖ్యకారణ మిదియే. తరుణాస్థి యవసరమైనచో ముక్కు నడిగోడనుండియో, చెవినుండియో, ప్రక్కటెముకనుండియో తీసికొందురు. ముక్కుపై బద్ద వేసి, తఱచు ఆ నాడో మఱునాడో యింటికి పంపుదురు.

ఇక కోలుకొను సంగతి. మన సోదరీమణులకు పనికివచ్చున దిదియే గనుక కొంచెము విపులముగ వ్రాయుదుము.

మొదటి మూడుదినములును కష్టమైనవి. నొప్పి మనము భయపడునంత యుండదు, మందుతో తగ్గును. ఊపిరాడకపోవుటయే బాధ. నోటితో శ్వాసించుటచే గొంతు ఎండును. గుక్కెడు గుక్కెడుగ నీరు త్రాగుచుండవలెను. ముక్కునుండి నెత్తురు కలిసిన నీరు కాఱును. క్రింద నొక గుడ్డముక్కను అంటింతురు. వాపును నీలిమచ్చలును రెండవ మూడవ దినములలో పెరుగును. ఈ సంగతి ముందు తెలియకున్న యింటివారు బెదరుదురు. మూడవనాడు పిల్ల కన్నులు వంకాయరంగున ఉబ్బియుండగా తల్లి చూడలేక వంటయింటిలోనికి పోయి యేడ్చినది. రెండు మూడు దిండ్లు పెట్టి, తల యెత్తుగ నుంచి, వెల్లకిల పరుండవలెను. చల్లని గుడ్డను కన్నుల చుట్టును చెక్కిళ్లపైనను వేయవచ్చును గాని బద్దపై నొక్కరాదు.

ఆహారము జావ, మెత్తని పప్పన్నము, మజ్జిగ. పై పెదవి బిగుసుకొనియుండును గనుక జంతికలు, చెరకుముక్కలు వలదు. ఆవకాయకు కూడ కొన్నాళ్లు సెలవీయవలెను. అది కంటను ముక్కునను నీరు తెప్పించును, చీదుట నిషిద్ధము! సుమారు రెండు వారములవఱకు ముక్కు చీదరాదు. తుమ్ము వచ్చినచో ఆపుకొనక, నోరు తెఱచి తుమ్మవలెను. ఆవిరి పట్టుట, నస్యము, ముక్కులో నూనెచుక్కలు, ఇట్టి యింటి వైద్యములు పెద్దలెవరు చెప్పినను వైద్యుని యడుగక చేయరాదు. ఉప్పునీటితో తడుపుమని వైద్యుడు చెప్పినచో ఆ ప్రకారము చేయవలెను. బద్ద తడియరాదు గనుక తలంటు కొన్నాళ్లు ఆగవలెను. తలమీదుగ తొడుగుకొను కుర్తాలు వలదు. ఈ యొక్క విషయమున చీరయు, ముందు గుండీల రవికయు సుఖము.

వంగి ముగ్గు వేయుట, బిందె లెత్తుట, వ్యాయామము మూడు నాలుగు వారములు మానవలెను. చంటిపిల్లలున్న తల్లులు ప్రత్యేకముగ జాగ్రత్తపడవలెను. ఒడిలోని బిడ్డ ఉన్నట్లుండి తల యెత్తిన, నేరుగ ముక్కునకే తగులును. ఆ మాసము బిడ్డ నెత్తుకొనుటకు మఱియొకరు ఇంట నుండునట్లు ఏర్పాటు చేసికొనకయే యీ పనికి పూనుకొనరాదని మా యభిప్రాయము. బంతి తగులు ఆటలకు ఇంకను ఎక్కువ కాలము దూరము. కండ్లద్దముల బరువును ముక్కుపై నాలుగునుండి ఆఱు వారములు మోపరాదు. ఎండ తగిలిన మచ్చలు నల్లబడి నిలుచును, గొడుగు మఱువరాదు.

సుమారు ఏడవనాడు బద్ద తీయుదురు. ఆ నాడే అందఱును అందమైన ముక్కును చూచెదమని కాచుకొందురు. ఆ నాడే నిరాశ కలుగును. మా పిల్ల అద్దము చూచికొని యేమియు ననలేదు. ముక్కుకొన ఉబ్బి, పైకి తిరిగి, పరాయి ముక్కువలె నున్నది. ఆ రాత్రి తల్లి ప్రక్కన పరుండి, “అమ్మా, నాన్నది పోయినది, నాది రాలేదు” అని యేడ్చినదట. చికిత్స పిదప మొదటి వారములలో మనస్సు క్రుంగుట చాలమందికి గలుగును. మత్తు, మందులు, నిద్రలేమి, వాపు అన్నియు గలిసి యట్లు చేయును. ఇది ముందుగ తెలిసియున్న యింట ఓదార్పు సులభము. వైద్యురాలు చెప్పియున్నను తల్లి యా మాటను మఱచినది. పరామర్శకు వచ్చిన బంధువులు “అయ్యో, ముందరి ముక్కే బాగుండెనే” అనిపోయిరి. రెండు వారములు బంధువులను రానీయకుండుట యుత్తమమైన మందు అని మేము అనుకొంటిమి.

నీలిమచ్చలు పది పదునాలుగు దినములలో పోవును. అప్పటికి అనేకులు ఉద్యోగమునకు పోగలరు. వాపులో నధికభాగము కొన్ని వారములలో తగ్గును. ముక్కుకొన మాత్రము ఏడాదివఱకును, చర్మము మందముగనున్నవారికి అంతకు మించియు, నెమ్మదిగ సన్నబడుచుండును. కొన మొద్దుబాఱి స్పర్శ తెలియకుండుటయు కొన్నాళ్లుండును. అందుచేతనే, తృప్తి లేనివారికి సయితము మఱియొక శస్త్రక్రియను సాధారణముగ ఏడాదిలోపల చేయరు. మఱల దిద్దించుకొనవలసి వచ్చువారు సుమారు నూటికి 5 మొదలు 15 మంది వఱకుందురని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అది చిన్న సంఖ్య కాదు. సంతకము పెట్టుటకు ముందు దీనిని చదివికొనవలెను.

ఆగకుండ నెత్తురు కాఱినను, జ్వరము వచ్చినను, తగ్గవలసిన నొప్పి పెరిగినను, నీటివంటి ద్రవము ధారగ కాఱినను, చూపు మసకబాఱినను తెల్లవారువఱకు కాచుకొనక ఆసుపత్రికి పోవలెను. లోపల నడిగోడపై నెత్తురు గడ్డకట్టి రెండు పుటములును మూసుకొనిపోయినచో, వెంటనే తీయకున్న తరుణాస్థి కరగి ముక్కు నడుమ క్రుంగును.

మా పిల్ల మూడవ వారమున ఉద్యోగమునకు పోయినది. తోడివారిలో నిద్దఱు ముగ్గురు తప్ప మార్పును కనిపెట్టలేదు. ఎత్తు సగము తగ్గినది. ప్రక్కనుండి చూచిన ఇంకను తండ్రి పోలికయే. లోపలి వాపు తగ్గుటకు రెండు మాసములు పట్టినది. ఒక తెల్లవారుజామున లేచి తల్లిని నిద్ర లేపి, “అమ్మా, రెండు ముక్కులతోను గాలి వచ్చుచున్నది” అని చెప్పినదట. ఆ యింటివారితో పెండ్లిమాట సాగలేదు. వారు రమ్మన్నను పిల్ల వెళ్లలేదు.

ముక్కుపుడక విషయము మాత్రము మిగిలియున్నది. తీసిన నాటినుండి రంధ్రము పూడుకొనిపోయినది. ముక్కు కుదుటపడి తాను చూచి సరే యనువఱకు కుట్టింపవలదని వైద్యురాలు చెప్పినది. నాయనమ్మ ఇచ్చిన ఆ కెంపుపుడకను తల్లి భరిణెలో దాచియుంచినది. వచ్చే శ్రావణమునకు కుట్టించెదమని మొన్న మాకు జాబు వ్రాసినది.